అక్కర్లేని వ్యాపార ఈమెయిళ్లు: అమెరికాలోని తెలుగువారికి చట్టం ఇచ్చిన హక్కులు, వాటిని వాడుకునే పద్ధతి

అమెరికాలో ఐటీ ఉద్యోగాలు చేసే తెలుగువారికి వచ్చే మెయిళ్లలో, ముఖ్యంగా ప్రస్తుతం ప్రాజెక్టు లేని ఉద్యోగులను ఇతర కంపెనీలకు కుదిర్చే బెంచ్ సేల్స్ వారు పంపే జాబితాల, అంటే హాట్‌లిస్టుల అడుగున, చిన్న అక్షరాలతో ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది. అమెరికా 105వ కాంగ్రెసు ఆమోదించిన ఎస్ 1618 బిల్లు మూడవ భాగం ప్రకారం, పంపినవారి వివరాలు, జాబితా నుంచి పేరు తీయించుకునే మార్గం ఉన్నంతవరకు ఈ మెయిల్‌ను స్పామ్‌గా పరిగణించరాదన్నది దాని సారాంశం. చట్టమే అనుమతించినప్పుడు మనం చేయగలిగిందేముందని చదివినవారు ఊరుకుంటారు. నిజానికి ఆ బిల్లు 1998లో సెనేట్‌లో నెగ్గింది కానీ ఎన్నడూ చట్టం కాలేదు. పాతికేళ్లకు పైగా ఆ వాక్యాన్ని ఒకరి మెయిల్ నుంచి మరొకరు కాపీ చేసుకుంటూ వస్తున్నారు. దాన్ని వాడేవారు అమలులో ఉన్న చట్టాన్ని ఎన్నడూ తెరిచి చూడలేదని ధైర్యంగా అనుకోవచ్చు.

అమలులో ఉన్న చట్టాన్ని క్యాన్-స్పామ్ అంటారు. 2003 డిసెంబరు 16న అధ్యక్షుడు జార్జి డబ్ల్యూ. బుష్ సంతకం చేయగా, 2004 జనవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది. దాన్ని ఆశ్రయించేముందు అది ఏమి ఇస్తుందో, ఏమి ఇవ్వదో తెలుసుకోవాలి. మీ అనుమతి లేకుండా వ్యాపార ఈమెయిల్ పంపడాన్ని ఈ చట్టం నిషేధించలేదు. మొదటి మెయిల్ ఎవరైనా పంపవచ్చు. ఇక పంపవద్దని మీరు చెప్పాక మాత్రం ఆపి తీరాలి. పంపినంతకాలమూ తానెవరో దాచకూడదు, సబ్జెక్టు లైనులో మోసం చేయకూడదు. ఆపమని చెప్పినా ఆపకపోతే మీరు స్వయంగా ఈ ఫెడరల్ చట్టం కింద కోర్టుకు వెళ్లలేరు. ఆ అధికారం ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు, మరికొన్ని ఫెడరల్ సంస్థలకు, రాష్ట్రాల అటార్నీ జనరళ్లకు, ఇంటర్నెట్ సేవ అందించే సంస్థలకు మాత్రమే ఉంది. ఈ కారణంగా దీన్ని పళ్లులేని చట్టమని కొట్టిపారేసేవారు ఉన్నారు. ఆ మాటలో సగమే నిజం. సరైన పద్ధతిలో వద్దని చెప్పి, దానికి ఆధారం దాచుకున్నవారికి ఈ చట్టం బాగానే పనికివస్తుంది. కొన్ని రాష్ట్రాల చట్టాలు దానికి తోడై నష్టపరిహారం దాకా తీసుకువెళ్తాయి.

ముందుగా ఏ మెయిల్ ఏ కోవదో చూడండి

వచ్చిన ప్రతి మెయిల్‌నూ ఒకే గాటన కట్టకూడదు. ఒక వస్తువును గాని సేవను గాని ప్రచారం చేయడమే ముఖ్యోద్దేశంగా ఉన్నది వ్యాపార ఈమెయిల్. మీరు కొన్న వస్తువు రసీదు, విమాన టికెట్‌లో మార్పు, బ్యాంకు స్టేట్‌మెంటు వంటివి లావాదేవీకి సంబంధించినవి. వాటికి అన్‌సబ్‌స్క్రైబ్ లింకు ఉండవలసిన అవసరం లేదు, పంపినవారి వివరాలు మాత్రం నిజమైనవై ఉండాలి. చిక్కంతా ఈ రెంటినీ కలిపి పంపేవారితోనే వస్తుంది. ఖాతా సమాచారం పేరుతో మొదలుపెట్టి ప్రకటనగా సాగే మెయిళ్ల విషయంలో, క్రెడిట్ నివేదికలిచ్చే ఎక్స్‌పీరియన్ సంస్థ వినియోగదారుల విభాగంపై ఫెడరల్ ప్రభుత్వం కేసు పెట్టగా, 2023లో ఆ సంస్థ 6,50,000 డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. తమ క్రెడిట్ వివరాలను ఇతరులు చూడకుండా ఫ్రీజ్ చేసుకోవడానికి ఖాతా తెరిచినవారికి, ఖాతా గురించిన సమాచారం అన్న ముసుగులో, వద్దనే అవకాశమే ఇవ్వకుండా ప్రకటనలు పంపారన్నది అందులోని ఆరోపణ. కనుక “ఇది మీ ఖాతాకు సంబంధించిన సమాచారం” అని పైన రాసినంత మాత్రాన అది ప్రకటన కాకుండా పోదు.

హాట్‌లిస్టుల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మా దగ్గర ఇంతమంది జావా డెవలపర్లు ఉన్నారు, గంటకు ఇంత రేటు అంటూ వెండర్లకు, అంటే ఉద్యోగులను సరఫరా చేసే మధ్యవర్తి సంస్థలకు, పంపే జాబితా ఒక సేవకు ప్రచారమే. గ్రహీత మరొక వ్యాపార సంస్థ అయినంత మాత్రాన మినహాయింపు లేదు. ఈ చట్టం వ్యక్తులకు పంపిన మెయిల్‌కూ, కంపెనీలకు పంపిన మెయిల్‌కూ ఒకే తీరున వర్తిస్తుంది. ఫలానా ఉద్యోగం ఉందంటూ ఉద్యోగార్థికి నేరుగా పంపే రిక్వైర్‌మెంట్ మెయిల్ మాత్రం వ్యాపార ప్రకటనా కాదా అన్న విషయంలో వాదనకు తావుంది. రుసుము తీసుకునే శిక్షణను, ప్లేస్‌మెంటును అందులో అంటగడితే ప్రకటన అనడానికి బలం పెరుగుతుంది. మీతో అంతకు ముందు ఒక్క మాటయినా జరగకపోయినా సబ్జెక్టు లైను ముందు “ఆర్‌ఈ:” అని పెట్టి జవాబులా భ్రమింపజేసే అలవాటు ఈ రంగంలో బాగా ఉంది. దాన్ని మోసపూరిత సబ్జెక్టు లైనుగా ఫిర్యాదులో ఎత్తిచూపడం మరువకండి.

లాభాపేక్షలేని సంస్థలకు పేరును బట్టి మినహాయింపు ఉండదు. విరాళం అడిగే మెయిల్, పండుగ శుభాకాంక్షలు చెప్పే మెయిల్ వ్యాపార ఈమెయిల్ కిందికి రావు. అదే సంస్థ ఎవరిదో ఇన్సూరెన్సునో, రియల్ ఎస్టేటునో ప్రచారం చేస్తూ పంపితే సంగతి వేరు. రాజకీయ ప్రచార మెయిళ్లకు ఈ చట్టం పనికిరాదు.

ఇక మూడవ కోవ నేరస్థులది. పార్సిల్ ఆగిపోయిందనీ, వీసా రద్దవుతుందనీ, పాస్‌వర్డ్ గడువు తీరిందనీ బెదిరించే మెయిల్‌కు చట్టం చూపి జవాబు రాయడం వృథా. అందులోని అన్‌సబ్‌స్క్రైబ్ లింకును కూడా నొక్కకూడదు. ఈ చిరునామా వెనుక మనిషి ఉన్నాడని మనమే చెప్పినట్లవుతుంది. ఇక్కడి నుంచి చెప్పేదంతా తానెవరో చెప్పుకునే వ్యాపారుల గురించే.

వద్దని చెప్పే పద్ధతి

చట్టప్రకారం ప్రతి వ్యాపార ఈమెయిల్‌లోనూ వద్దనడానికి స్పష్టమైన మార్గం, పంపినవారి తపాలా చిరునామా ఉండాలి. తపాలా చిరునామా అంటే వీధి చిరునామా కావచ్చు, నమోదైన పోస్టు బాక్సు కావచ్చు. ఫోన్ నంబరు, వెబ్‌సైటు పేరు సరిపోవు. మెయిల్ పంపిన నాటి నుంచి కనీసం 30 రోజుల వరకు ఆ వద్దనే మార్గం పనిచేస్తూ ఉండాలి. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008లో చేర్చిన నియమం ఇంకా ముఖ్యమైనది: వద్దనడానికి రుసుము అడగకూడదు, ఈమెయిల్ చిరునామా, ఏ మెయిళ్లు వద్దో తెలిపే ఎంపిక తప్ప ఇతర వివరాలు అడగకూడదు, ఒక జవాబు మెయిల్ పంపడం లేదా ఒకే ఒక్క వెబ్ పేజీకి వెళ్లడం మించి ఏమీ చేయించకూడదు. ముందు పాస్‌వర్డ్‌తో లాగిన్ అవ్వమనడం, పుట్టినతేదీ అడగడం, కారణం రాస్తే తప్ప ముందుకు కదలనివ్వకపోవడం ఈ నియమానికి విరుద్ధం. వారపత్రిక వద్దు, ఆఫర్లు కావాలి అని విడివిడిగా టిక్కు పెట్టించే పేజీ పెట్టుకోవచ్చు గాని, అందులో అన్నీ ఆపేయమనే ఎంపిక కూడా ఉండి తీరాలి.

లింకు నొక్కి ఊరుకోవద్దు. లింకు పనిచేసిందనడానికి ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆపైన మెయిల్ వచ్చిన చిరునామాకే ఒక చిన్న జవాబు ఇలా రాయండి. ఫలానా చిరునామాకు మీ సంస్థ నుంచి గాని, మీ తరఫున మరెవరి నుంచి గాని వ్యాపార ఈమెయిళ్లు పంపవద్దు. ఇది క్యాన్-స్పామ్ చట్టం కింద నా అభ్యంతరం. పది పనిదినాలలోగా అమలు చేయండి. నా చిరునామాను ఇతరులకు ఇవ్వవద్దు. ఇంగ్లిష్‌లో రాయవలసిన ఆ నాలుగు వాక్యాల సారం ఇంతే. కోపం, వెటకారం, దావా బెదిరింపు ఇందులో చోటుచేసుకోకూడదు, ఎందుకంటే రేపు ఈ కాగితాన్ని ఒక అధికారి చదవవచ్చు.

గడువు లెక్కలో చాలామంది పొరబడతారు. చట్టం ఇచ్చింది పది పనిదినాలు. శని, ఆదివారాలు, సెలవులు లెక్కలోకి రావు. 2026 జూన్ 1, సోమవారం మీరు వద్దని చెబితే పదవ పనిదినం జూన్ 15, సోమవారం అవుతుంది. జూన్ 5న వచ్చిన మెయిల్ చిరాకు కలిగించవచ్చు గాని ఉల్లంఘన కాదు. జూన్ 16 నుంచి వచ్చిన ప్రతిదీ ఉల్లంఘనే. ఒక్కో మెయిల్‌కు, 2025లో సవరించిన లెక్క ప్రకారం, 53,088 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. ఆ డబ్బు ప్రభుత్వానికి పోతుందే తప్ప మీ చేతికి రాదు, కాని పెద్ద సంస్థల న్యాయవిభాగాలు వెంటనే కదలడానికి కారణం ఆ అంకెయే.

మీరు వద్దన్న తర్వాత ఆ సంస్థ మీ చిరునామాను మరొకరికి అమ్మకూడదు, బదిలీ చేయకూడదు. వద్దన్నవారి జాబితాను అమలు చేయడానికి పెట్టుకున్న సంస్థకు మాత్రమే ఇవ్వవచ్చు. అయితే వద్దనడానికి ముందే అమ్మేసి ఉంటే, కొన్నవారికి మీరు మళ్లీ విడిగా వద్దని చెప్పుకోవలసిందే. ఒక చోట ఆపితే మూడు చోట్ల నుంచి మొదలైందని జనం అనుకోవడానికి కారణాలలో ఇది ఒకటి. మరొక కారణం, ఒకే సంస్థలోని వేర్వేరు పేర్లతో నడిచే విభాగాలను చట్టం మెయిల్ పంపే వేర్వేరు సంస్థలుగా చూడటం. ఒకే ఆఫీసు నుంచి మూడు పేర్లతో కన్సల్టెన్సీ నడిపేవారికి మూడు జవాబులు రాయక తప్పదు. తపాలా చిరునామా మూడింటిలోనూ ఒకటే అయితే ఆ సంగతి మాత్రం రాసిపెట్టుకోండి.

మెయిల్ పంపే పనిని ఇంకొకరికి అప్పగించినంత మాత్రాన సరుకు అమ్ముకునే సంస్థ తప్పించుకోలేదు. ఎవరి వస్తువును ప్రచారం చేశారో ఆ సంస్థ, పంపిన సంస్థ రెండూ బాధ్యత వహించవలసి రావచ్చు. కాబట్టి అనామక మార్కెటింగ్ ఏజెంటు నుంచి జవాబు రాకపోతే, అందులో ప్రచారమైన కంపెనీ ప్రైవసీ విభాగానికి నేరుగా రాయండి. ఫలితం ఇక్కడే ఎక్కువగా కనిపిస్తుంది.

ఆధారాన్ని సరిగా దాచుకోవడం

స్క్రీన్‌షాట్ చూడటానికి బాగుంటుంది గాని అసలు ఆధారం మెయిల్ హెడర్. ఆ మెయిల్ ఏ సర్వర్ నుంచి బయలుదేరి, ఏ సర్వర్ల మీదుగా, ఏ సమయానికి మీకు చేరిందో అందులో నమోదై ఉంటుంది. జీమెయిల్‌లో మెయిల్ తెరిచి, కుడివైపున నిలువుగా ఉండే మూడు చుక్కలను నొక్కి “షో ఒరిజినల్” ఎంచుకుంటే మొత్తం హెడర్ కనిపిస్తుంది. అదే పేజీ నుంచి దాన్ని ఫైలుగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అవుట్‌లుక్ వెబ్‌లో “వ్యూ మెసేజ్ సోర్స్” అన్నది ఇదే పని చేస్తుంది. మామూలుగా ఫార్వర్డ్ చేస్తే అసలు హెడర్ పోతుంది, కనుక ఫైలుగానే దాచండి.

హెడర్‌లో “రిసీవ్డ్” అని మొదలయ్యే వరుసలను కింది నుంచి పైకి చదవాలి. అన్నిటికన్నా అడుగున ఉన్నది ప్రయాణం మొదలైన చోటు. అడుగు వరుసలను పంపేవాడు కల్పించగలడు, మీ మెయిల్ సంస్థ చేర్చిన పై వరుసలను కల్పించలేడు. ఆ తర్వాత ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అన్న మూడు పరీక్షల ఫలితాలు చూడండి. అవి “పాస్” అయితే “ఫ్రమ్” వద్ద కనిపించే డొమైన్ నుంచే మెయిల్ వచ్చిందని చాలావరకు నమ్మవచ్చు. పంపినవారు తరువాత మేం కాదని బుకాయించడం కష్టమవుతుంది. “ఫెయిల్” అయితే వేరొకరి పేరు వాడుకున్నారన్న అనుమానానికి చోటుంది. అప్పుడు ఆ పేరుగల సంస్థ మీద విరుచుకుపడటం తొందరపాటు.

ప్రతి సంస్థకూ ఒక ఫోల్డరు పెట్టి, మొదటి మెయిల్, మీరు వద్దన్న తేదీ, స్క్రీన్‌షాట్, గడువు తీరిన తర్వాత వచ్చిన మెయిళ్లు వరుసగా ఉంచండి. జీమెయిల్ వాడేవారికి మరొక సౌకర్యం ఉంది: చిరునామాలో మీ పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఆ దుకాణం పేరు చేర్చి ఇస్తే, మెయిల్ మీకే వస్తుంది, రేపు వేరెవరి నుంచో ఆ రూపంలోనే మెయిల్ వస్తే చిరునామాను బయటికి వదిలిందెవరో తెలిసిపోతుంది.

ఫిర్యాదు ఎవరికి చేయాలి

ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు రిపోర్ట్‌ఫ్రాడ్ డాట్ ఎఫ్‌టీసీ డాట్ గవ్ ద్వారా ఫిర్యాదు చేయవచ్చు. ఆ కమిషన్ మీ ఒక్కరి తగవును తీర్చదు. ఒకే సంస్థ మీద ఫిర్యాదులు పేరుకున్నప్పుడు దర్యాప్తుకు పూనుకుంటుంది. 2024లో వెర్కాడా అనే భద్రతా కెమెరాల సంస్థ ఈ చట్టానికి సంబంధించి 29.5 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. సుమారు మూడేళ్లలో మూడు కోట్లకు పైగా వ్యాపార ఈమెయిళ్లు పంపి, వద్దన్నవారి మాట మన్నించలేదన్నది, తపాలా చిరునామా ఇవ్వలేదన్నది ఆరోపణల్లో భాగం. ఆ సంస్థ ఖాతాదారులు ఎక్కువగా వ్యాపారాలే, అంటే కంపెనీల మధ్య నడిచే మెయిళ్లకు చట్టం వర్తించదన్న వాదన నిలవదని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

మీరుండే రాష్ట్ర అటార్నీ జనరల్‌కు ఫిర్యాదు చేయడం నా దృష్టిలో మరింత మేలు. టెక్సాస్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో వినియోగదారుల ఫిర్యాదు ఫారం ఆన్‌లైన్‌లోనే ఉంటుంది. ఒక ఉల్లంఘనకు 250 డాలర్ల వంతున పరిహారం కోరుతూ తమ రాష్ట్ర ప్రజల తరఫున ఫెడరల్ కోర్టులో దావా వేసే అధికారం వారికి క్యాన్-స్పామ్ చట్టమే ఇచ్చింది.

చట్టంతో సంబంధం లేని ఒక ఆయుధం గురించి కూడా చెప్పాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ సంస్థలు పెద్ద ఎత్తున మెయిళ్లు పంపేవారికి కొత్త షరతులు పెట్టాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా పంపేవారు ఒక్క నొక్కుతో వద్దనే సౌకర్యం ఇవ్వాలి, ఆ కోరికను రెండు రోజుల్లో అమలు చేయాలి, స్పామ్ అని గ్రహీతలు గుర్తుపెట్టే మెయిళ్ల శాతం 0.3 దాటకూడదు. దాటితే వారి మెయిళ్లన్నీ స్పామ్ ఫోల్డరుకు చేరే ప్రమాదం ఉంది. చట్టం ఇచ్చిన పది పనిదినాల కన్నా ఇది కఠినమైన గడువు. అందుచేత మెయిల్‌ను ఊరికే డిలీట్ చేయకుండా “రిపోర్ట్ స్పామ్” నొక్కడం పనికిమాలిన పని కాదు. మీరు కోరి చేరిన జాబితాలకు మాత్రం ఈ బటన్ వాడకండి, అది అన్యాయం.

సొంతంగా దావా వేయగలిగిన రాష్ట్రాలు

ఈమెయిల్ గురించి రాష్ట్రాలు చేసిన చట్టాలను చాలావరకు క్యాన్-స్పామ్ పక్కకు నెట్టేసింది, కాని మోసాన్ని, అబద్ధాన్ని నిషేధించే భాగాన్ని వదిలిపెట్టింది. రాష్ట్ర చట్టం కింద గెలవాలనుకునేవారు ఈ ఒక్క సంగతిని బాగా పట్టుకోవాలి. అన్‌సబ్‌స్క్రైబ్ లింకు లేదని, పది పనిదినాలు దాటిందని చెప్పి రాష్ట్ర కోర్టులో గెలవలేరు. మెయిల్‌లో ఏదో ఒకచోట అబద్ధం ఉందని చూపాలి.

కాలిఫోర్నియా వ్యాపార, వృత్తుల స్మృతిలోని 17529.5 సెక్షను ఈ విషయంలో గ్రహీతకు గట్టి అండ. అనుమతి లేకుండా వేరొకరి డొమైన్ పేరు వాడినా, హెడర్‌లో తప్పుడు సమాచారం పెట్టినా, సబ్జెక్టు లైను చదివి సాధారణ వ్యక్తి మోసపోయేలా ఉన్నా, ఒక్కో మెయిల్‌కు 1,000 డాలర్ల వరకు పరిహారం అడగవచ్చు. ఇంత నష్టపోయానని లెక్క చూపనక్కర్లేదు. పంపినవారు ఇటువంటివి జరగకుండా తగిన ఏర్పాట్లు చేసుకున్నారని రుజువైతే కోర్టు దాన్ని 100 డాలర్లకు తగ్గించవచ్చు. గెలిచినవారికి లాయరు ఫీజు కూడా రావచ్చు. ఏది అబద్ధమన్న దాని మీద తీర్పులు జాగ్రత్తగా గీత గీశాయి. వోనేజ్ కేసులో 2010లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, ఫిల్టర్లకు దొరకకుండా అనేక డొమైన్ పేర్లు వాడటం ఒక్కటే తప్పుడు సమాచారం కాదన్నది. ట్రాన్‌కోస్ కేసులో 2012లో అప్పీలు కోర్టు, సంస్థ ఏదో ఏ విధంగానూ తెలుసుకోవడానికి వీల్లేని డొమైన్ పేర్ల వెనుక దాక్కోవడం మాత్రం తప్పుడు సమాచారమేనన్నది. అంటే పేర్లు ఎన్నున్నా ఫర్వాలేదు, వాటిలో దేన్ని పట్టుకున్నా మనిషి దొరకాలి.

కాలిఫోర్నియా స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో వ్యక్తులు 12,500 డాలర్ల వరకు దావా వేయవచ్చు. అక్కడ లాయర్లు వాదించరు, మీ కేసు మీరే చెప్పుకోవాలి. 2,500 డాలర్లకు మించిన దావాలు ఏడాదికి రెండే వేయనిస్తారు. అంతకు మించిన మొత్తమైతే ఈ రంగంలో అనుభవమున్న లాయరును కలవడం మంచిది.

వాషింగ్టన్ రాష్ట్రంలో, అంటే సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ ప్రాంతాల్లో ఉండేవారికి 1998 నాటి చట్టం ఒకటి ఉంది. 2025 ఏప్రిల్‌లో ఓల్డ్ నేవీ కేసులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దానికి విస్తృతమైన అర్థం చెప్పింది. మెయిల్ ప్రకటన అన్న సంగతిని దాచడం మాత్రమే కాదు, సబ్జెక్టు లైనులో ఏ విధమైన అబద్ధమున్నా ఉల్లంఘనేనన్నది. “ఈ రోజే ఆఖరు” అని రాసి మర్నాడు అదే తగ్గింపును కొనసాగించడం దీని కిందికి వస్తుంది. తీర్పునాటికి చట్టంలో ఉన్న పరిహారం ఒక్కో మెయిల్‌కు 500 డాలర్లు. దావాకు దిగేముందు చట్టంలో తర్వాత మార్పులేమైనా వచ్చాయేమో చూసుకోండి. అలాంటి సబ్జెక్టు లైను కనబడితే ఆ మెయిల్‌నే కాదు, తరువాత రెండు మూడు రోజులు వచ్చినవాటినీ దాచాలి; అబద్ధం బయటపడేది వాటిలోనే.

స్పామ్ పోగుచేసి దావాలతో బతకవచ్చని కొందరికి ఆశ పుట్టిన కాలం ఒకటుంది. వర్చుముండో కేసులో 2009లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ ఆశకు గండికొట్టింది. కావాలని మెయిల్ ఖాతాలు తెరిచి, స్పామ్‌ను ఆహ్వానించి, ఇంటర్నెట్ సేవాసంస్థనని చెప్పుకుని ఫెడరల్ చట్టం కింద వచ్చిన వ్యక్తికి నిజమైన నష్టం లేదని దావా కొట్టేసింది. మీరు నిజంగా వాడే చిరునామాకు, మీరు ఆపమన్న మెయిళ్ల మీద ఉన్న ఫిర్యాదుకే విలువ.

కెనడాలో ఉండే తెలుగువారికి ఇంత శ్రమ లేదు. 2014 జూలై 1 నుంచి అక్కడ ముందుగా అనుమతి తీసుకున్నాకే వ్యాపార ఈమెయిల్ పంపాలి. ఏదైనా కొన్నవారికి రెండేళ్లు, వివరాలు అడిగినవారికి ఆరు నెలలు మాత్రమే అనుమతి ఉన్నట్లు భావిస్తారు. ఫిర్యాదును స్పామ్ రిపోర్టింగ్ సెంటర్‌కు పంపాలి. వ్యక్తులు స్వయంగా దావా వేసే వీలును మాత్రం 2017లో నిలిపివేశారు.

హైదరాబాదు నుంచి, అమరావతి నుంచి వచ్చే ప్లాట్ల మెయిళ్లు

డాలస్‌లోనో, ఎడిసన్‌లోనో ఉన్న మీకు షాద్‌నగర్ వెంచర్, కొల్లూరు టవర్లు, అమరావతి ప్లాట్లు అంటూ వచ్చే మెయిళ్ల విషయంలో అమెరికా చట్టం పేరుకు వర్తించినా ఆచరణలో అందదు. భారతదేశంలో ఈమెయిల్ స్పామ్‌కంటూ ప్రత్యేక చట్టం లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో చేసిన నిబంధనలు కాల్స్‌కు, ఎస్ఎంఎస్‌లకు సంబంధించినవి. 1909 నంబరుకు ఫిర్యాదు చేయమన్న సలహా ఈమెయిల్‌కు పనికిరాదు. విసిగించే ఈమెయిళ్లను కూడా నేరంగా చూసిన ఐటీ చట్టం 66ఏ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది.

రియల్ ఎస్టేటు మెయిళ్లకు మాత్రం చాలామందికి తట్టని మార్గం ఒకటుంది, అది రియల్ ఎస్టేటు నియంత్రణ చట్టం, అంటే రెరా. 2016 నాటి ఆ చట్టం మూడవ సెక్షను ప్రకారం, 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గాని, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గాని వేసే ప్రాజెక్టును రాష్ట్ర రెరా సంస్థ వద్ద నమోదు చేయించకుండా ప్రకటించడమే తప్పు, అమ్మడం సరేసరి. ప్రకటన అన్న మాటకు ఆ చట్టం ఇచ్చిన నిర్వచనం ఏ మాధ్యమం ద్వారా పంపినదాన్నయినా కలుపుకుంటుంది, కనుక ఈమెయిల్ బయటపడదు. నమోదైన ప్రాజెక్టు ప్రకటనలో రెరా నంబరు, రెరా వెబ్‌సైటు చిరునామా ఉండాలి. “ఎన్ఆర్ఐలకు మాత్రమే ప్రీలాంచ్ ధర” అని వచ్చిన మెయిల్‌లో ఆ నంబరు లేకపోతే, ప్రాజెక్టు పేరుతో తెలంగాణ రెరా గాని, ఆంధ్రప్రదేశ్ రెరా గాని వెబ్‌సైటులో వెతకండి. దొరకకపోతే ఆ మెయిల్‌ను జతచేసి అక్కడే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. మూడవ సెక్షను ఉల్లంఘనకు ప్రాజెక్టు అంచనా వ్యయంలో పది శాతం దాకా జరిమానా పడవచ్చు. నమోదుకాని ప్రాజెక్టును అమ్మిపెట్టే ఏజెంటుకు కూడా విడిగా జరిమానా ఉంది. ఎన్ఆర్ఐలకు మెయిళ్లు పంపేవారిలో ఎక్కువమంది ఏజెంట్లే. మెయిళ్లు ఆపండని పదిసార్లు రాసినా పట్టించుకోని వ్యాపారి, మీ ప్రాజెక్టుకు రెరా నంబరు ఎంత అని ఒక్కసారి అడిగితే మీ పేరును జాబితా నుంచి తీసేయడానికి ఎక్కువ అవకాశముంది.

మిగిలిన భారతీయ సంస్థల విషయంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మీద ఆధారపడాలి. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. డేటా రక్షణ బోర్డుకు సంబంధించినవి వెంటనే అమలులోకి వచ్చాయి. సంస్థల అసలు బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు, అంటే అవి 2027 మేలో మొదలవుతాయి. అప్పటి నుంచి, అనుమతి ఇచ్చినంత సులువుగా దాన్ని వెనక్కి తీసుకునే వీలు ఉండాలి. మీ వివరాలను తొలగించమని అడగవచ్చు. అనుమతి కోరే నోటీసును తెలుగులో కూడా చదువుకునే వీలు కల్పించాలి. ముందుగా ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయాలి, అక్కడ తేలకపోతేనే బోర్డుకు వెళ్లాలి. జరిమానా ప్రభుత్వానికి చెందుతుంది, వ్యక్తికి పరిహారం ఇచ్చే ఏర్పాటు ఈ చట్టంలో లేదు. గడువు తీరకముందు కూడా అనుమతిని వెనక్కి తీసుకుంటున్నానని రాసి, ఆ మెయిల్‌ను తేదీతో సహా దాచడం దండగ కాదు. 2027 మే తర్వాత కూడా మెయిళ్లు వస్తుంటే ఫిర్యాదుల అధికారికి రాసే ఉత్తరానికి మొదట జతచేయవలసిన కాగితం అదే.